నడిసముద్రంలో పడవకు ప్రమాదం జరిగితే ఎవరు వస్తారు? ఎంతసేపట్లో వస్తారు?

2018 సెప్టెంబర్ 21. హిందూ మహాసముద్రం దక్షిణ భాగం. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరానికి దాదాపు 3,500 కిలోమీటర్ల దూరంలో ఒక చిన్న తెరచాప పడవ తుపానులో చిక్కుకుంది. పేరు తురీయ. అందులో ఉన్నది ఒక్కరే, భారత నౌకాదళ అధికారి కమాండర్ అభిలాష్ టామీ. ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా ప్రపంచాన్ని చుట్టి రావాల్సిన గోల్డెన్ గ్లోబ్ రేస్‌లో ఆయన అప్పటికి మూడో స్థానంలో ఉన్నారు. గంటకు 130 కిలోమీటర్ల వేగంతో గాలి, 14 మీటర్ల ఎత్తున అలలు. పడవ బోర్లాపడి మళ్లీ లేచింది. తెరచాప స్తంభం విరిగిపోయింది. ఆయన వెన్నెముకకు తీవ్ర గాయమైంది.

కాళ్లు కదపలేని స్థితి. వాడుతున్న శాటిలైట్ ఫోన్ పనిచేయడం లేదు. రెండో శాటిలైట్ ఫోన్, చేతి రేడియో అత్యవసర సంచిలో భద్రంగానే ఉన్నాయి. కానీ ఆ సంచి ఆయన చేతికి అందే దూరంలో లేదు. అందినవి రెండే. ఒకటి, శాటిలైట్ ద్వారా టెక్స్ట్ మెసేజ్‌లు పంపే చిన్న పరికరం. రెండోది, నీళ్ల బాటిల్ అంత ఉండే ప్రమాద సంకేత బీకన్. దీన్నే ఈపిర్బ్ అంటారు.

మూడు రోజుల తర్వాత, సెప్టెంబర్ 24న, ఓసిరిస్ అనే ఫ్రెంచ్ నౌక సిబ్బంది చిన్న బోట్లలో వెళ్లి ఆయన్ను స్ట్రెచర్ మీద బయటకు తీశారు. ఆ తర్వాత భారత నౌకాదళానికి చెందిన ఐఎన్ఎస్ సాత్పురా ఆయన్ను తీసుకుని అక్టోబర్ మొదటి వారంలో విశాఖపట్నం చేరింది.

సాహసగాథగా ఈ కథ చాలామందికి తెలుసు. ఒక ప్రజాసేవ ఎలా పనిచేస్తుందో చెప్పే కథగా దీన్ని ఎవరూ పెద్దగా చూడలేదు. సముద్రంలో ప్రాణాపాయంలో ఉన్నవారిని వెతికి కాపాడటం ప్రభుత్వాల బాధ్యత. మన దగ్గర కూడా అంతే. గోవా నుంచి మాల్దీవులకు యాట్‌లో వెళ్లేవారికైనా, కాకినాడ నుంచి పది రోజుల వేటకు వెళ్లే మరబోటుకైనా ఆ సేవ ఒకటే. అయితే అందులో సగం పని పడవ ఒడ్డున ఉండగానే, పడవలో వెళ్లేవారే చేసుకోవాలి. ఆ సగం చేయకపోతే రెండో సగం ఆలస్యంగా మొదలవుతుంది.

ఆ సముద్రం ఎవరి బాధ్యత?

తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు దాటితే ఏ దేశానికీ చెందని జలాలని, అక్కడ ఎవరికి వారే దిక్కని చాలామంది అనుకుంటారు. రక్షణ విషయంలో ఇది నిజం కాదు. 1979లో జర్మనీలోని హాంబర్గ్‌లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం ప్రపంచంలోని సముద్రాలన్నింటినీ గాలింపు-రక్షణ ప్రాంతాలుగా విభజించారు. ప్రతి ప్రాంతానికీ ఒక దేశం బాధ్యత వహిస్తుంది. అది ఆ దేశ సరిహద్దు కాదు, డ్యూటీ ఏరియా లాంటిది.

భారత్ వాటా సుమారు 46 లక్షల చదరపు కిలోమీటర్లు. మన భూభాగం కన్నా ఎక్కువ. ఈ బాధ్యత కోస్ట్ గార్డ్‌ది. ముంబయి, చెన్నై, శ్రీవిజయపురం (పాత పేరు పోర్ట్ బ్లెయిర్) నగరాల్లో ప్రధాన సమన్వయ కేంద్రాలున్నాయి. వీటిని ఎంఆర్‌సీసీలు అంటారు. ఆంధ్రప్రదేశ్ తీరం చెన్నై కేంద్రం కిందకు వస్తుంది, విశాఖలో ఉపకేంద్రం ఉంది.

అభిలాష్ టామీ చిక్కుకున్న చోటు ఆస్ట్రేలియా బాధ్యతలోని ప్రాంతం. ఆ దేశం వాటా భూగోళం మొత్తంలో పదో వంతు. కాన్‌బెర్రాలోని కేంద్రం రంగంలోకి దిగింది. మారిషస్ నుంచి భారత నౌకాదళానికి చెందిన పీ-8ఐ విమానం వెళ్లి పడవను గుర్తించింది. ఆస్ట్రేలియా యుద్ధనౌక పెర్త్ నుంచి బయలుదేరింది, మన నౌకాదళ నౌక కూడా అటు మళ్లింది. ముందుగా చేరింది మాత్రం చేపల వేటపై నిఘా పెట్టే ఓసిరిస్. ఆ సమయంలో దగ్గర్లో ఉండటమే కారణం.

దీన్ని అదృష్టం అని వదిలేయకూడదు. ప్రమాదంలో ఉన్నవారి సమాచారం అందితే, తన నౌకకు, సిబ్బందికి ముప్పు లేనంత వరకు, వెళ్లి కాపాడటం ప్రతి నౌక కెప్టెన్‌పై అంతర్జాతీయ చట్టం పెట్టిన బాధ్యత. అందుకే ఎంఆర్‌సీసీ మొదట చూసే విషయాల్లో ఒకటి, ఆ చుట్టుపక్కల ఏ నౌకలున్నాయన్నది. నడిసముద్రంలో చాలాసార్లు ముందుగా వచ్చేది తెల్ల రంగు కోస్ట్ గార్డ్ షిప్ కాదు, బొగ్గు మోసుకెళ్లే ఏదో సరుకు ఓడ.

దూరాన్ని కాస్త లెక్కేసి చూడండి. గంటకు 20 నాటికల్ మైళ్లు, అంటే 37 కిలోమీటర్ల వేగంతో వెళ్లే నౌక 400 కిలోమీటర్ల దూరం చేరడానికి 11 గంటలు పడుతుంది. హెలికాప్టర్ ఇంకా వేగంగా వెళ్తుంది కానీ, మనిషిని ఎత్తుకుని తిరిగి రావడానికి కూడా ఇంధనం మిగలాలి. అందుకే ఒక దూరం దాటాక దాని మీద ఆశ పెట్టుకోలేం. విమానం వెతకగలదు, లైఫ్‌రాఫ్ట్ జారవిడవగలదు. మనిషిని ఎక్కించుకోలేదు.

జేబులో ఫోన్ ఉంది కదా?

ఉంది. కోస్ట్ గార్డ్‌కు 1554 అనే టోల్ ఫ్రీ నంబరు కూడా ఉంది. సముద్రంలో ప్రమాదం గురించి దీనికి ఎవరైనా ఫోన్ చేయొచ్చు. తీర భద్రతకు సంబంధించి మెరైన్ పోలీసుల నంబరు 1093. రెండూ ఫోన్‌లో సేవ్ చేసుకోవాల్సినవే.

కానీ తీరంలోని టవర్ నుంచి సిగ్నల్ కొద్ది కిలోమీటర్లకే బలహీనపడుతుంది. పది, పదిహేను కిలోమీటర్లు దాటాక నమ్మకం లేదు. కాబట్టి 1554 ఎక్కువగా ఉపయోగపడేది ఒడ్డున ఉన్నవారికి. సాయంత్రానికి రావాల్సిన పడవ రాలేదని ఇంట్లోవాళ్లు చేయాల్సిన ఫోన్ అది. ఇక ఫోన్లలోని శాటిలైట్ ఎస్ఓఎస్ సౌకర్యం అన్ని దేశాల్లోనూ పనిచేయదు. వెళ్లే చోట అది ఉందో లేదో బయలుదేరక ముందే చూసుకోవాలి.

పడవ నుంచి మాట్లాడటానికి అసలైన సాధనం వీహెచ్‌ఎఫ్ రేడియో, అందులో 16వ ఛానల్. ప్రపంచమంతటా ప్రమాద పిలుపులకు కేటాయించిన ఛానల్ అది. ఫోన్‌కు, దీనికి ఉన్న పెద్ద తేడా ఒకటుంది. ఫోన్ చేస్తే ఒక్కరికే వినిపిస్తుంది. 16లో పిలిస్తే చుట్టుపక్కల ఉన్న ప్రతి పడవకూ వినిపిస్తుంది. దగ్గర్లో ఉన్నవారే ముందు వస్తారని ఇందాక చెప్పుకున్నాం కదా, వారికి చేరే పిలుపు ఇదే. అయితే ఇది కూడా చూపు మేర దూరానికే. స్తంభం మీద యాంటెన్నా ఉంటే తీరకేంద్రంతో నలభై కిలోమీటర్ల వరకు మాట్లాడొచ్చు. చేతి సెట్‌తో ఎనిమిది, పది కిలోమీటర్లు అందితే గొప్ప.

ప్రాణాపాయం ఉంటే 'మేడే' అని మూడుసార్లు చెప్పి, పడవ పేరు, ఎక్కడున్నారు, ఏం జరిగింది, ఎంతమంది ఉన్నారు అన్నది ఆ వరుసలో చెప్పాలి. కంగారులో మనుషులు ఏం జరిగిందో వివరంగా చెప్తారు, ఎక్కడున్నారో చెప్పడం మర్చిపోతారు. మధ్యలో రేడియో ఆగిపోతే వినేవారికి మిగిలేది ఒక అరుపు మాత్రమే. అందుకే ఈ నాలుగు విషయాలను ఒక అట్టముక్క మీద రాసి రేడియో పక్కన అతికించడం సెయిలర్ల అలవాటు. పడవలో ఉన్న అందరికీ, పిల్లలతో సహా, ఆ అట్టముక్క చూసి చదవడం వచ్చి ఉండాలి. స్కిప్పరే నీళ్లలో పడిపోతే రేడియో పట్టుకోవాల్సింది మిగిలినవాళ్లే.

బీకన్ నొక్కాక మొదటి గంటలో ఏం జరుగుతుంది?

రేడియో అందని దూరంలో మిగిలేది బీకన్. దీని వెనకున్న వ్యవస్థ పేరు కోస్పాస్-సార్శాట్. అమెరికా, సోవియట్ యూనియన్ ప్రచ్ఛన్న యుద్ధంలో ఉన్న రోజుల్లోనే, కెనడా, ఫ్రాన్స్‌లతో కలిసి 1979లో దీనికి అంగీకరించాయి. 1982 నుంచి ప్రాణాలు కాపాడుతోంది. వాడుకునే వారికి చందా లేదు, బిల్లు లేదు.

బీకన్‌ను నొక్కితే, లేదా పడవ మునిగి అది నీళ్లలో తేలితే, 406 మెగాహెర్ట్జ్ మీద నిమిషానికోసారి చొప్పున చిన్న సంకేతం పంపుతుంది. బ్యాటరీ కనీసం 48 గంటలు నడిచేలా తయారుచేస్తారు. శాటిలైట్లు దాన్ని పట్టుకుని నేలమీది కేంద్రానికి దింపుతాయి. మన దేశంలో ఈ పని ఇస్రోది. బెంగళూరు, లక్నోలలో గ్రౌండ్ స్టేషన్లున్నాయి, బెంగళూరులో నియంత్రణ కేంద్రం ఉంది. శ్రీలంక, మాల్దీవులు, బంగ్లాదేశ్, సీషెల్స్ వంటి దేశాలకు కూడా ఈ కేంద్రమే సేవలందిస్తోంది. అక్కడి నుంచి సమాచారం సంబంధిత ఎంఆర్‌సీసీకి వెళ్తుంది.

ఇంతవరకూ అంతా యంత్రాల పని. ఆ తర్వాత డ్యూటీలో ఉన్న అధికారి ముందు ఒక ప్రశ్న ఉంటుంది. ఇది నిజమా?

ఎందుకంటే ప్రపంచవ్యాప్తంగా మోగే బీకన్లలో అత్యధిక శాతం పొరపాటున మోగినవే. శుభ్రం చేస్తుంటే స్విచ్ కదలడం, వర్షం నీరు చేరడం, పాత పడవను తుక్కుకు అమ్మేటప్పుడు బీకన్ తీయడం మర్చిపోవడం, ఇలాంటి కారణాలే. ప్రతి సంకేతానికీ విమానాన్ని లేపితే నిజంగా అవసరమైన చోటుకు విమానం ఉండదు.

అందుకే ప్రతి బీకన్‌కూ అంకెలు, అక్షరాలు కలిసిన 15 స్థానాల గుర్తింపు సంఖ్య ఉంటుంది. సంకేతంతో పాటు వచ్చేది అదే. యజమాని ఆ సంఖ్యను ముందే రిజిస్టర్ చేసి ఉంటే, అధికారి తెర మీద పడవ పేరు, రంగు, పొడవు, ఎంతమంది పట్టే పడవ, ఒడ్డున ఎవరికి ఫోన్ చేయాలి అన్నీ కనిపిస్తాయి. ఆయన ఆ నంబరుకు ఫోన్ చేస్తారు. "మీ తమ్ముడి పడవ ఎక్కడుంది?" "మొన్న ఉదయం కొచ్చి నుంచి బయలుదేరాడండీ, ముగ్గురున్నారు, లక్షద్వీప్ వైపు." రెండు నిమిషాల సంభాషణ. అనుమానం తీరిపోతుంది.

రిజిస్టర్ చేయకపోతే? బీకన్ ఏ దేశానికి కోడ్ చేసిందో మాత్రం తెలుస్తుంది. భారత్ కోడ్ 419. అది సరుకు ఓడో, చేపల బోటో, ఎవరింట్లోనో షెడ్‌లో పడున్న పెట్టెలోదో చెప్పేవారు లేరు. అప్పుడూ గాలింపు మొదలవుతుంది, ఎవరూ చేతులు కట్టుకుని కూర్చోరు. కానీ ఎవరి కోసం వెతుకుతున్నారో తెలియకుండా వెతకాలి.

ఆ ఆలస్యం విలువెంత? జీపీఎస్ ఉన్న బీకన్ తన స్థానాన్ని దాదాపు వంద మీటర్ల లోపు చెప్తుంది. జీపీఎస్ లేని పాత రకమైతే శాటిలైట్ లెక్కగట్టే స్థానంలో 5 కిలోమీటర్ల వరకు తేడా రావచ్చు. అంటే దాదాపు 78 చదరపు కిలోమీటర్ల వలయం. ఇప్పుడు బీకన్ ఆగిపోయిందనుకోండి, పడవ గంటకు రెండు నాటికల్ మైళ్ల చొప్పున కొట్టుకుపోతోందనుకోండి. 11 గంటలు గడిచేసరికి అది 40 కిలోమీటర్ల దూరంలో ఎక్కడైనా ఉండొచ్చు. వలయం 5,000 చదరపు కిలోమీటర్లకు పెరుగుతుంది. అలల మధ్య మనిషి తల కొన్ని వందల మీటర్ల దూరం నుంచి కూడా కనిపించదు.

బీకన్ రిజిస్ట్రేషన్‌కు డబ్బులు అక్కర్లేదు. భారత్ కోడ్ ఉన్నవాటిని బెంగళూరులోని ఇస్రో కేంద్రం దగ్గర నమోదు చేయాలి. విదేశంలో కొని తెచ్చుకుంటే దానికి ఆ దేశపు కోడ్ ఉంటుంది. ఆ దేశంలోనే రిజిస్టర్ చేయాలి, లేదా మన కోడ్‌కు మార్పించుకోవాలి. ఇక్కడ పొరపాటు పడేవారు చాలామంది. సెకండ్ హ్యాండ్ పడవ కొన్నవారి పరిస్థితి ఇంకా విచిత్రం. మీ పడవ మునుగుతుంటే అధికారి ఫోన్ చేసేది పాత ఓనర్‌కు. "నా పడవ ఎప్పుడో అమ్మేశాను సార్" అని ఆయన చెప్తే అక్కడితో దారి మూసుకుపోతుంది. ఆర్‌సీ బదిలీ చేయించుకోకుండా కారు నడిపే అలవాటు సముద్రంలోకి కూడా తీసుకెళ్లకూడదు.

ఒడ్డున ఉండే ఆ కాంటాక్ట్ ఎవరన్నది కూడా ఆలోచించి ఇవ్వాలి. పడవలో మీతో పాటు వచ్చే భార్య నంబరో, భర్త నంబరో ఇస్తే ఉపయోగం లేదు. రాత్రి రెండింటికి తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చినా ఎత్తేవారు కావాలి.

వాళ్లు వచ్చేవరకు?

2022 నవంబర్‌లో, అదే గోల్డెన్ గ్లోబ్ రేస్ తర్వాతి పోటీలో, ఫిన్లాండ్ సెయిలర్ టాపియో లెహ్తినెన్ పడవ ఆస్టీరియా దక్షిణాఫ్రికాకు దూరంగా మునిగిపోయింది. తుపాను లేదు. నిద్రలేచి చూసేసరికి వెనక భాగంలో నీళ్లు నిండుతున్నాయి. నిమిషాల్లో పడవ కిందకు పోయింది. ఆయన సర్వైవల్ సూట్ వేసుకుని, అత్యవసర సంచితో లైఫ్‌రాఫ్ట్‌లోకి మారారు. బీకన్ మోగింది. సుమారు వంద నాటికల్ మైళ్ల దూరంలో ఉన్న పోటీదారు కిర్‌స్టెన్ నోయ్‌షాఫర్ దారి మళ్లించి, రాత్రంతా చుక్కాని పట్టుకుని, మర్నాడు ఆయన్ను చేరుకున్నారు. తర్వాత ఆయన్ను ఒక సరుకు ఓడకు అప్పగించి మళ్లీ రేసులోకి వెళ్లారు. ఆ రేసు గెలిచింది ఆమే. రెండో స్థానం, వెన్నెముకలో టైటానియం రాడ్లతో తిరిగొచ్చిన అభిలాష్ టామీది.

ఈ రెండు ప్రమాదాలను పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఆసక్తిగా అనిపించేది ఆ సంచి. ఇద్దరి దగ్గరా ఉంది, ఇద్దరూ పక్కాగా సర్దుకున్నారు. ఒకరి చేతికి అందింది, ఒకరికి అందలేదు. అనుభవంలో అభిలాష్ తక్కువేం కాదు. 2013లోనే ఐఎన్ఎస్‌వీ మాధేయ్ మీద ఆగకుండా, ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టొచ్చిన మొదటి భారతీయుడు ఆయన. సంచిలో ఏముండాలన్న జాబితాలు ఇంటర్నెట్‌లో బోలెడు దొరుకుతాయి. దెబ్బ తగిలి పడిపోయిన మనిషికి ఆ సంచి అందుతుందా అన్న ప్రశ్న మాత్రం వాటిలో అరుదు. ఒంటి మీదే తగిలించుకునే చిన్న బీకన్లు, అంటే పీఎల్‌బీలు, వచ్చింది ఇందుకే. లైఫ్‌జాకెట్‌కు కట్టి ఉన్న పీఎల్‌బీ మనిషితోనే ఉంటుంది, పడవతో కాదు. బ్యాటరీ సమయం తక్కువ, కనీసం 24 గంటలు. కానీ చేతిలో ఉన్న 24 గంటలు, గది అవతలి మూల ఉన్న 48 గంటల కన్నా మేలు.

మరి పడవ ఎప్పుడు వదలాలి? సినిమాల్లో పడవ ఒరగ్గానే అందరూ లైఫ్‌రాఫ్ట్‌లోకి దూకుతారు. 1979 ఆగస్టులో బ్రిటన్‌లో జరిగిన ఫాస్ట్‌నెట్ రేస్ ఈ అలవాటుకు గట్టి దెబ్బ. 303 పడవలు బయలుదేరితే పెనుగాలుల్లో 15 మంది పోటీదారులు చనిపోయారు. 24 పడవలను సిబ్బంది వదిలేశారు. వాటిలో మునిగినవి ఐదే. మిగిలిన 19 తర్వాత తేలుతూ దొరికాయి. లైఫ్‌రాఫ్ట్‌లలోకి మారిన వారిలో కొందరు తిరిగి రాలేదు. అప్పటి నుంచి శిక్షణలో చెప్పేది, లైఫ్‌రాఫ్ట్‌లోకి దిగాల్సిన పరిస్థితి ఉంటే ఇంకా సమయం ఉన్నట్టు, పైకి ఎక్కాల్సి వస్తే అప్పుడు వెళ్లండి అని. అంటే పడవ నిజంగా మునిగిపోతున్నప్పుడే. పైగా తిరగబడిన పడవైనా విమానం నుంచి కనిపిస్తుంది, మనిషి కనిపించడు.

తెలుగువాళ్లకు దగ్గరి ఉదాహరణ ఐఎన్ఎస్‌వీ తారిణి. 2017 సెప్టెంబర్ నుంచి 2018 మే వరకు, 254 రోజుల పాటు ఆరుగురు నౌకాదళ మహిళా అధికారులు ఆ పడవలో ప్రపంచాన్ని చుట్టొచ్చారు. వారిలో విశాఖకు చెందిన పి.స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బి.ఐశ్వర్య ఉన్నారు. పసిఫిక్‌లో పెనుతుపాను దాటారు. కానీ చివరి దశలో స్టీరింగ్ వ్యవస్థ మొరాయించింది. వాళ్లు పట్టుదలకు పోలేదు. ప్రణాళికలో లేని మారిషస్‌లో ఆగి, బాగుచేయించుకుని, అప్పుడు గోవా వచ్చారు. ఆ యాత్ర మీద వచ్చిన కథనాల్లో తుపానుకు దక్కిన చోటు మారిషస్ ఆగడానికి దక్కలేదు. నేనైతే రెండోదానికే ఎక్కువ మార్కులు వేస్తాను.

ఒకటో నంబరు అంటే చిన్న ప్రమాదమా?

తుపాను వార్తల్లో 'విశాఖ పోర్టులో ఒకటో నంబరు ప్రమాద హెచ్చరిక' అని వింటుంటాం. పదో నంబరు పెద్దది కాబట్టి ఒకటి చిన్నదని అనుకోవడం సహజం. ఒడ్డున ఉన్నవారికి అది నిజమే. సముద్రంలో ఉన్నవారికి తలకిందులు. ఒకటి, రెండు నంబర్లు దూరంగా సముద్రంలో ఉన్న వాయుగుండం, తుపానుల గురించి చెప్పేవి. రెండో నంబరు అర్థమే, పోర్టుకు ఇంకా ముప్పు లేదు గానీ బయలుదేరే నౌకలు ప్రమాదంలోకి వెళ్లొచ్చు అని. మూడో నంబరు నుంచి పోర్టుకే ముప్పు. అంటే దూరం వెళ్లేవారికి ఆగాల్సిన సంకేతం ఒకటో నంబరే.

ఏ రోజు అలలు ఎంత ఎత్తున ఉంటాయో ముందే చెప్పే సంస్థ హైదరాబాద్‌లోనే ఉంది. ప్రగతి నగర్ దగ్గరి ఇన్‌కాయిస్. సునామీ హెచ్చరికలతో అందరికీ తెలిసిన ఈ సంస్థ రూపొందించిన 'సారట్' అనే సాధనం గురించి తెలిసినవారు తక్కువ. మనిషి లేదా పడవ చివరిసారి ఎక్కడ, ఎప్పుడు కనిపించిందో చెప్తే, గాలి, ప్రవాహాలను లెక్కగట్టి ఇప్పుడు ఎక్కడ వెతకాలో చూపిస్తుంది. లైఫ్‌జాకెట్ ఉన్న మనిషి, లేని మనిషి, ఖాళీ పడవ, ఇలా ఒక్కొక్కటి ఒక్కోలా కొట్టుకుపోతాయి కాబట్టి పదుల రకాలకు విడిగా లెక్క వేస్తుంది. అయితే 'చివరిసారి ఎక్కడ' అన్న సమాధానం ఒడ్డు నుంచే రావాలి. ఏ దారిలో వెళ్తున్నారు, ఎప్పటికి చేరతారు, ఎంత ఆలస్యమైతే 1554కు ఫోన్ చేయాలి అన్న కాగితం ఇంట్లో ఇచ్చి వెళ్లకపోతే హైదరాబాద్‌లోని ఆ కంప్యూటర్‌కు మొదలుపెట్టే చోటే దొరకదు.

మరి మన మత్స్యకారుల సంగతి?

యాట్‌లలో తిరిగేవారు మన దగ్గర వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. హుస్సేన్ సాగర్‌లో సెయిలింగ్ నేర్చుకున్నవారిలోనూ సముద్రం దాకా వెళ్లేవారు తక్కువే. నడిసముద్రంలో ఈ సేవ అవసరం అసలు ఎక్కువగా ఉన్నది మరబోట్లలో వెళ్లేవారికి. 1996 నవంబర్ 6న కోనసీమ తుపాను వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ రోజు సముద్రంలో ఉన్న మత్స్యకారులు ఎందరో తిరిగి రాలేదు. శవం దొరకని మనిషి చట్టం దృష్టిలో చనిపోయినట్టు కాదు. సాధారణ నియమం ప్రకారం ఏడేళ్లు ఆచూకీ లేకపోతేనే మరణించినట్టు భావిస్తారు. ఆ రోజు బోటులో ఎవరెవరు ఎక్కారన్న జాబితా ఒడ్డున లేకపోతే, ఆ కుటుంబం వేటకు వెళ్లాడని నిరూపించడం దగ్గరే మొదలుపెట్టాలి.

2017 చివర్లో ఓఖి తుపాను కేరళ, తమిళనాడు మత్స్యకారులను ఇలాగే దెబ్బతీసింది. హెచ్చరిక వెలువడేసరికి చాలా బోట్లు ఏ సిగ్నలూ అందని దూరంలో ఉన్నాయి. ఆ తర్వాత 2019లో ఇన్‌కాయిస్, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి 'జెమిని' అనే పరికరం తెచ్చాయి. శాటిలైట్ నుంచి వచ్చే హెచ్చరికలను ఫోన్‌కు చేరుస్తుంది. కానీ అది వినడానికే, చెప్పడానికి పనికిరాదు.

చెప్పడానికి ఇస్రో 2010 నుంచి డాట్ అనే పరికరాన్ని అందిస్తోంది. 20 వేలకు పైగా వాడుకలో ఉన్నాయని ఇస్రో చెబుతోంది. దీనికో లోటుండేది. బటన్ నొక్కిన సరంగుకు, తన పిలుపు ఎవరికైనా చేరిందో లేదో తెలిసేది కాదు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. నీళ్లు నిండుతున్న బోటులో, జవాబు లేని బటన్ నొక్కి, నమ్మకంతో కూర్చోవడం ఎంత కష్టమో ఆలోచించండి. ఈతకొడదామని కొందరు బోటు వదిలేస్తారు, బోటు దగ్గరే ఉండి ఉంటే దొరికేవారు. 2024లో వచ్చిన రెండో తరం డాట్ ఈ లోటును సరిచేసింది. మన నావిక్ శాటిలైట్ల ద్వారా 'మీ సందేశం అందింది' అన్న జవాబు బోటుకు వస్తుంది. బ్లూటూత్‌తో ఫోన్‌కు కలిపితే సందేశాలను సొంత భాషలో చదువుకోవచ్చు. యూరప్ గెలీలియో శాటిలైట్లు ఇలాంటి జవాబు సేవను యాట్‌ల బీకన్లకు ఇవ్వడం మొదలుపెట్టింది 2020లోనే.

13 తీర రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో లక్ష చేపల బోట్లకు ట్రాన్స్‌పాండర్లు అమర్చే పథకాన్ని కేంద్రం 2024 ఆగస్టు 30న మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ప్రారంభించింది. అంచనా వ్యయం సుమారు 360 కోట్ల రూపాయలు. పరికరం బిగించడం తేలిక. మూడేళ్ల తర్వాత దాని బ్యాటరీ, ఓనర్ మారిన బోటు వివరాలు ఎవరు చూస్తారన్నదే అడగాల్సిన ప్రశ్న. రిజిస్టర్ చేయని ఈపిర్బ్‌కు వచ్చిన గతే వివరాలు మార్చని ట్రాన్స్‌పాండర్‌కూ వస్తుంది.

బిల్లు ఎవరు కడతారు?

ప్రాణాలు కాపాడినందుకు ఎవరూ బిల్లు వేయరు. మన కోస్ట్ గార్డ్ అయినా, ఆస్ట్రేలియా అయినా అంతే. పడవ సంగతి వేరు. దాన్ని లాక్కొచ్చిన వారికి ప్రతిఫలం అడిగే హక్కు ఉంటుంది. కాబట్టి ఇన్సూరెన్స్ పత్రంలో 'సాల్వేజ్' గురించి ఏం రాశారో చదువుకోవాలి. ఓసిరిస్ వచ్చింది అభిలాష్ కోసం. తురీయ నడిసముద్రంలోనే ఉండిపోయింది.

కొనేముందు, బయలుదేరేముందు

విదేశాల నుంచి వస్తూ శాటిలైట్ ఫోన్ గానీ, శాటిలైట్ మెసెంజర్ గానీ బ్యాగులో వేసుకుని రావద్దు. టెలికం శాఖ అనుమతి లేకుండా వాటిని దేశంలో ఉంచుకోవడం నేరం. ట్రెకింగ్ కోసం తెచ్చుకున్నామని చెప్పి విమానాశ్రయాల్లో కేసుల్లో ఇరుక్కున్నవారున్నారు. పడవలో వీహెచ్‌ఎఫ్ సెట్‌కు కూడా లైసెన్సు కావాలి.

బీకన్ కొంటే పెట్టె మీద బ్యాటరీ గడువు తేదీ చూడండి. పడవ మునిగినప్పుడు నీటి ఒత్తిడికి బీకన్‌ను వదిలే క్లిప్ లాంటి భాగానికి గడువు రెండేళ్లే. లైఫ్‌రాఫ్ట్‌ను కంపెనీ చెప్పిన గడువుకు సర్వీసింగ్‌కు ఇవ్వాలి. తెరవకుండా పదేళ్లు ఉంచిన రాఫ్ట్ అవసరమైన రోజు ఉబ్బుతుందన్న హామీ లేదు. బీకన్‌ను పరీక్షించడానికి దాని మీదున్న టెస్ట్ బటన్ మాత్రమే వాడాలి, అసలు స్విచ్ ఎప్పుడూ వేయకూడదు. ఫోన్ నంబరు, పడవ రంగు, ఓనర్ ఏది మారినా రిజిస్ట్రేషన్‌లో మార్చాలి.

ఒకవేళ పొరపాటున మోగితే భయపడి స్విచ్ ఆపేసి ఊరుకోవద్దు. సంకేతం అప్పటికే వెళ్లిపోయి ఉంటుంది. మధ్యలో ఆగిపోయిన సంకేతం, మునిగిపోయిన పడవ, రెండూ అధికారి తెర మీద ఒకేలా కనిపిస్తాయి. ఆపేసి, వెంటనే 1554కు ఫోన్ చేసి, బీకన్ సంఖ్య చెప్పి, అందరూ క్షేమంగా ఉన్నారని చెప్పాలి. ఆ 15 స్థానాల సంఖ్య బీకన్ మీద స్టిక్కర్‌పై ఉంటుంది. ఫోటో తీసి ఒడ్డున ఉండేవారికి కూడా పంపి ఉంచండి.